ఫ్లష్ ట్యాంకులో వేడి నీళ్లు: ప్లంబింగ్ ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. కొత్త ఇళ్లలో ప్లంబింగ్ పొరపాట్లు, వాటిని సరిచేసుకునే దారి, ఇదీ ఈ రోజు ఫోన్-ఇన్. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్న మేస్త్రీ గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ ఒంగోలు నుంచి. చెప్పండమ్మా.

ఒంగోలు: నమస్తే అన్నా. వంటింట్లో కొత్త కుళాయి మావారే బిగించారు. చుక్కచుక్కగా కారింది. ఇంకా బిగించారు, ఇంకా కారింది. మళ్లీ గట్టిగా బిగించేసరికి గోడలో పైపుని మలుపు తిప్పే ఎల్బో పగిలింది. ఆయన ఇక్కడే ఉన్నారు, నన్ను మాట్లాడమన్నారు.

మేస్త్రీ: (నవ్వుతూ) ఆయన్ని ఏమీ అనకమ్మా, నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. నీళ్లను ఆపేది టేపు, బలం కాదు. టెఫ్లాన్ టేపుని కుళాయి మర మనవైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపు లాగి చుట్టాలి. రెండోవైపు చుడితే, బిగించేటప్పుడు టేపంతా ఊడి మొదట్లో ముద్దగా చేరుతుంది. మీ కుళాయి తీసి చూడండి, అదే కనపడుతుంది.

ఒంగోలు: అవునన్నా, తెల్లగా ముద్దలా ఉంది!

మేస్త్రీ: అదే. ఈసారి లోపల ఇత్తడి మర ఉన్న ఎల్బో వేయించండి. ఉత్త ప్లాస్టిక్ మర స్పానర్ దెబ్బకి ఆగదు. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: గోడ మూయకముందే నీళ్లు నింపి చూడాలి.

యాంకర్: థాంక్యూ అమ్మా. తర్వాత కోవూరు నుంచి. హలో?

కోవూరు: హలో, వినపడతా ఉందా?

యాంకర్: వినపడుతోంది, టీవీ సౌండ్ తగ్గించండి.

కోవూరు: తగ్గించా. మేస్త్రీ అన్నా, మేం సంక్రాంతి అయ్యాక గృహప్రవేశం చేశాం. మేడ మీద రెండు బాత్రూములు. పని చేసింది మా ఆవిడ తరపు అబ్బాయి. మంచోడు, పిలిస్తే వస్తాడు, అందుకే గట్టిగా అడగలేకపోతున్నా. విషయం ఏందంటే, ఫ్లష్ ట్యాంకులోకి వేడి నీళ్లు వస్తున్నాయి.

మేస్త్రీ: ఫ్లష్ ట్యాంకులోకా?

కోవూరు: అవునన్నా. పొద్దున మూత తీస్తే ఆవిరి. మొన్న మా మామగారు ఆత్మకూరు నుంచి వచ్చారు. పెద్దాయన. కమోడ్ పక్కన జెట్ పైపు ఉంటుంది కదా, అది నొక్కారు. ఆయన పెట్టిన కేకకి కింద వాటావాళ్లు పైకి పరిగెత్తుకొచ్చారు. అప్పటినుంచి చెంబు పట్టుకునే లోపలికి పోతున్నారు.

మేస్త్రీ: (గట్టిగా నవ్వి) అయ్యో పాపం. ఒళ్లు కాలలేదు కదా?

కోవూరు: లేదు, ఎర్రబడిందంతే. ఎలక్ట్రీషియన్ వచ్చి, వేడి హద్దు దాటకుండా ఆపే థర్మోస్టాట్ మార్చాడు, తగ్గలేదు. గీజరే మార్చేద్దామా?

మేస్త్రీ: గీజర్‌ని వదిలేయండి. నేనడిగినదానికి చెప్పండి. బాత్రూములో వేడి, చల్ల కలిపే మిక్సర్ ఉందా? దానికి హ్యాండ్ షవర్ ఉందా?

కోవూరు: రెండూ ఉన్నాయి. షవర్ చేతి దగ్గర నొక్కుడు ఉంటుంది, నొక్కితే వస్తాయి, వదిలితే ఆగుతాయి.

మేస్త్రీ: స్నానం అయ్యాక మిక్సర్ మరలు రెండూ కట్టేస్తారా, షవర్ నొక్కుడు వదిలేసి వచ్చేస్తారా?

కోవూరు: ...పిల్లలు వదిలేసి వచ్చేస్తారు. రేపటికి వేడి, చల్ల సరిగ్గా కలిసి ఉంటాయని.

మేస్త్రీ: దొరికింది. మిక్సర్ లోపల వేడి దారి, చల్ల దారి రెండూ తెరిచే ఉన్నాయి. బయటికి పోయే దారి మాత్రం షవర్ చేతి దగ్గర మూసేశారు. ఇటు ఫ్లష్ కొట్టగానే చల్ల లైనులో ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు గీజర్ నీళ్లు మిక్సర్ గుండా చల్ల లైనులోకి దూరి ఫ్లష్ ట్యాంకుకి పోతాయి, జెట్ పైపుకి పోతాయి. ఫ్లష్ కొట్టినప్పుడల్లా కరెంటు ఖర్చే.

కోవూరు: అయితే గీజర్ మార్చాల్సిందే అంటారు.

మేస్త్రీ: నేనలా అన్లేదయ్యా! వినండి. మిక్సర్ మరలు రెండూ గట్టిగా కట్టేయండి. గీజర్‌కి నీళ్లు పోయే యాంగిల్ కాక్ కూడా కట్టేసి, ఇంకో చోట వేడి కుళాయి తిప్పండి. లైనులో మిగిలిన కాసిని నీళ్లు వచ్చి ఆగిపోతే గోడ లోపల అంతా సవ్యంగా ఉన్నట్టే. ఆగకుండా వస్తూనే ఉంటే, మీ అబ్బాయి గోడలో ఎక్కడో వేడి లైనుని చల్ల లైనుకి కలిపేశాడు. అప్పుడు టైల్స్ పగలగొట్టక తప్పదు. మొదటిదైతే మిక్సర్‌కి వచ్చే రెండు లైన్లకీ నీళ్లు వెనక్కి పోనివ్వని నాన్-రిటర్న్ వాల్వులు పెట్టించండి, పిల్లలకి మరలు కట్టడం అలవాటు చేయండి.

కోవూరు: సరేనన్నా. వాల్వ్ అంటే గుర్తొచ్చింది, గీజర్ అడుగున చిన్న వాల్వ్ ఒకటి చుక్కలు కారుతుండేది. మావాడు దాని నోటికి మూత బిగించి డమ్మీ కొట్టేశాడు. ఇప్పుడు కారట్లేదు.

మేస్త్రీ: డమ్మీ కొట్టాడా? గీజర్ ఇప్పుడు ఆన్‌లో ఉందా?

కోవూరు: ఉన్నట్టుంది.

మేస్త్రీ: ఇంట్లో ఎవరినైనా పిలిచి ముందు స్విచ్ ఆపించండి. నేను ఆగుతాను.

కోవూరు: (పక్కకు) ఒరే, గీజర్ ఆపరా... ఆపాడన్నా.

మేస్త్రీ: అది సేఫ్టీ వాల్వ్. నీళ్లు వేడెక్కితే పొంగుతాయి. చల్ల లైనులోకి వెనక్కి పోనీకుండా అదే వాల్వ్ అడ్డుకుంటుంది, పెరిగిన ఒత్తిడిని చుక్కలుగా బయటికి వదిలేదీ అదే. వేడెక్కేటప్పుడు నాలుగు చుక్కలు కారడం దాని డ్యూటీ. నోరు మూసేశాక ఏదో ఒక రోజు థర్మోస్టాట్ పని చేయకపోతే గీజర్ ట్యాంకు పేలొచ్చు, మీ బాత్రూము గోడ కూడా పోవచ్చు. చిన్న గొట్టం తగిలించి జాలీలోకి వదలండి. గీజర్ ఆపినా ధారగా కారుతుంటే వాల్వ్ మార్చండి. డమ్మీ మాత్రం ఎప్పుడూ కొట్టొద్దు. వింటున్న అందరికీ చెబుతున్నా, గీజర్ సేఫ్టీ వాల్వ్‌కి డమ్మీ కొట్టొద్దు.

కోవూరు: ఇప్పుడే తీయిస్తా అన్నా. మరి గీజర్...

మేస్త్రీ: మార్చొద్దు!

యాంకర్: ధన్యవాదాలు. మామగారికి మా నమస్కారం చెప్పండి. చీమకుర్తి నుంచి ఇంకొకరు.

చీమకుర్తి: సార్, బాత్రూములో గెలాక్సీ గ్రానైట్ వేయించాం, అద్దంలా ఉంది. కానీ మురుగు వాసన. ఫినాయిల్ పోసినా పోవట్లేదు.

మేస్త్రీ: రోజూ వాడే బాత్రూమేనా?

చీమకుర్తి: చుట్టాలొస్తేనే.

మేస్త్రీ: జాలీ కింద నీళ్లు నిలిచే గిన్నె, నహానీ ట్రాపు అంటారు, అందులో కనీసం 50 మిల్లీమీటర్ల లోతు నీళ్లు నిలిచి ఉండాలి, అవే వాసనని ఆపేది. వాడకపోతే ఎండలకి ఆరిపోతాయి. వారానికోసారి రెండు చెంబుల నీళ్లు పోయండి. పోసినా వాసన వస్తే ట్రాపు పెట్టకుండానే పైపు కలిపేశారేమో, జాలీ తీసి టార్చి వేసి...

యాంకర్: లైన్ కట్టయింది. కావలి నుంచి చెప్పండమ్మా.

కావలి: వంటింట్లో సింకు వదిలితే ఆ నీళ్లు బాత్రూము జాలీలో పైకొస్తున్నాయి. నిన్న సాంబారు గిన్నె కడిగితే బాత్రూములో ములక్కాడ తేలింది.

మేస్త్రీ: (నవ్వుతూ) ముందు ఆ పైపులో అడ్డం తీయించండి తల్లీ. తీయించినా మళ్లీ వస్తే వాలు లేదని అర్థం. అడుగుకి పావు అంగుళం వాలు ఉండాలి. మలుపు దగ్గర T ఆకారం ముక్క, టీ వేసి ఉంటే అది తీసేసి Y ఆకారం ముక్క, వై వేయమనండి, నీళ్లు జారినట్టు పోతాయి, చెత్త పట్టదు. వాలు కళ్లతో చూసి సరే అనుకోకూడదు, లెవెల్ పెట్టి చూడాలి. టైల్స్ వేయకముందే బకెట్లతో నీళ్లు పోసి చూడాలి.

కావలి: టైల్స్ వేసేశామన్నా.

మేస్త్రీ: అందుకే పదేపదే చెబుతున్నా. గోడలోనూ అంతే. జాయింట్లకి వేసిన సొల్యూషన్ ఒక రోజంతా ఆరాక, ఒత్తిడి చూపే గేజ్ ఉన్న చేతి పంపుతో లైను నింపి ముల్లు దిగుతుందేమో చూడాలి. ఒక్క పూట పని. మేస్త్రీని నిలబెట్టి చేయించుకోండి.

యాంకర్: ఒక్క నిమిషమే ఉంది. సింగరాయకొండ నుంచి, త్వరగా చెప్పండి.

సింగరాయకొండ: సార్, అద్దం తగిలించడానికి డ్రిల్ వేస్తుంటే గోడలోంచి నీళ్లు చిమ్ముతున్నాయి. వేలు పెట్టి ఆపుతున్నా.

మేస్త్రీ: ఎప్పటినుంచి?

సింగరాయకొండ: మీ ప్రోగ్రాం మొదలవక ముందునుంచి. ఫోన్ మా చెల్లెలు పట్టుకుంది.

మేస్త్రీ: డ్రిల్ ప్లగ్గు ముందు పీకించు, తడి చేత్తో ముట్టొద్దు. చెల్లెలు ఫోన్ పక్కన పెట్టి మేడెక్కి ట్యాంకు గేట్ వాల్వ్ కట్టేయాలి. కింద కుళాయిలన్నీ తిప్పితే లైను ఖాళీ అవుతుంది. తర్వాత ప్లంబర్ అక్కడ గోడ తెరిచి, ఆ ముక్క కోసి, రెండు కొసల్నీ కలిపే కప్లర్ వేస్తాడు. గోడ మూయకముందు లైన్లన్నీ టేపు పెట్టి కొలిచి ఫోటో...

యాంకర్: సమయం అయిపోయింది. మేస్త్రీ గారికి ధన్యవాదాలు. బాబూ, చెల్లెల్ని ముందు మేడ మీదికి పంపించు.