గూగుల్‌లో పైన వచ్చిందంటే నిజమైనదేనా?

నమస్కారం అండీ. ఏదైనా నంబరో వెబ్‌సైటో కావాలంటే గూగుల్‌లో కొడతాం, పైన ఏది వస్తే అది నొక్కేస్తాం. "గూగులే చూపించింది కదా, కరెక్టే అయ్యుంటుంది" అని మన ధీమా. ఈ మాట విన్నప్పుడల్లా నాకు టెన్షన్ వస్తుంది, ఎందుకంటే మోసగాళ్లు బతుకుతున్నదే ఆ ధీమా మీద.

తిరుపతి బస్టాండులో దిగారనుకోండి. లగేజీ దించుకోకముందే "రూమ్ కావాలా సార్, దర్శనం టికెట్లున్నాయి సార్" అంటూ ఒకాయన వచ్చేస్తాడు. ముందుగా వచ్చాడు కాబట్టి దేవస్థానం మనిషే అనుకుంటామా? అనుకోం. సెర్చ్‌లో మాత్రం అచ్చం అలాగే అనుకుంటున్నాం.

దర్శనం టికెట్ల కోసమే వెతికి చూడండి. పైన వచ్చినవాటిలో దేనిమీదైనా చిన్నగా "స్పాన్సర్డ్" అని ఉందంటే అది డబ్బు కట్టి కొన్న చోటు. గూగుల్ 2000లోనే ఈ ప్రకటనలు మొదలుపెట్టింది. మీరు వెతికిన ఆ క్షణంలోనే లోపల ఒక వేలం జరుగుతుంది, ఎవరు ఎంత ఇస్తామన్నారు, ఎవరి ప్రకటన మీరు కొట్టిన మాటలకు దగ్గరగా ఉంది అని చూసి చోటిస్తారు. అంటే ఆ బస్టాండు ఆయన బస్సు తలుపు పక్కనే నిలబడే హక్కు కొనుక్కున్నాడన్నమాట. ఆ "స్పాన్సర్డ్" ముక్క అంత చిన్నగా వేయడం నాకు అస్సలు నచ్చదు, కళ్లజోడు పక్కన పెట్టి ఫోన్ చూసే అమ్మానాన్నలకు అది ఎలా కనబడుతుంది? తప్పు వాళ్లది కాదు.

మరి ఆయన గుర్తింపు కార్డు చూడాలంటే? వెబ్‌సైట్ అడ్రస్ చూడాలి.

(స్క్రీన్ మీద అడ్రస్ పెద్దగా)

టీటీడీ సైటు ఇది: టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్. దీన్ని చివరి నుంచి వెనక్కి చదవండి. డాట్ జీవోవీ డాట్ ఇన్ అనేది ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. దొంగ సైటు పేరులో తిరుమల, టీటీడీ, ఏపీ, ఆఖరికి జీవోవీ కూడా ఉండొచ్చు, కానీ అవన్నీ ముందు పెట్టి చివర్లో డాట్ కామో ఇంకోటో ఉంటుంది. ఇంకోటి, టీటీడీ అడ్రస్ 2024 జనవరిలో మారింది, కాబట్టి ఎప్పటిదో వాట్సాప్ లింకు పట్టుకుని కూర్చోకండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు కోసం సెర్చే చేయొద్దు, మీ ఏటీఎం కార్డు వెనకాలే ఉంటుంది. గూగుల్ మ్యాప్స్‌లో కనిపించే నంబర్లకు ఎవరైనా మార్పులు సూచించవచ్చు, మోసగాళ్లు అలా సొంత నంబర్లు ఎక్కించిన సందర్భాలున్నాయి. బ్యాంకు సైట్లు డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కి మారాలని రిజర్వ్ బ్యాంక్ 2025లో ఆదేశించింది, అడ్రస్ చివర అది చూడండి. ఫోన్‌లో ఎవరైనా, మీ స్క్రీన్ వాళ్లకు కనిపించేలా చేసే స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమన్నా, "డబ్బు వెనక్కి పంపుతాం, యూపీఐ పిన్ కొట్టండి" అన్నా కట్ చేసేయండి, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఒకవేళ డబ్బు పోయిందా, ఎవరేమనుకుంటారో అని ఆగకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి, ఆ డబ్బు ఇంకో ఖాతాలోకి జారిపోకముందే ఆపించాలి. ట్రాన్సాక్షన్ నంబరు అడుగుతారు, బ్యాంకు మెసేజ్ డిలీట్ చేయకండి.