పాత నాణేల షార్ట్స్ తీయడానికి ఈ నాలుగు సామాన్లు కొనొచ్చా? ఒరిజినల్ రివ్యూ

నమస్తే అందరికి, హన్మకొండ నుంచి మాట్లాడుతున్న. టేబుల్ మీద నాలుగు సామాన్లున్నయి చూడుండ్రి, మోటర్‌తోని తిరిగే స్టాండు, రింగ్ లైటు, ఫోన్‌కు క్లిప్ పెట్టుకునే మాక్రో లెన్సు, అంటే చిన్నయి దగ్గర నుంచి పెద్దగ చూపెట్టేది, ఇగ ఈ అరచేయంత ఎల్‌ఈడీ ప్యానెల్. పాత నాణేల షార్ట్స్ చేద్దామని మొదలుపెట్టినోళ్లు దాదాపు అందరు వీటినే ఆర్డర్ పెడ్తున్నరు, పెట్టినంక వీడియో చూస్తే నాణెం నల్లగ ఓ ముద్ద లెక్క కనపడ్తది, ఇగ ఫోన్ మంచిది కాదేమో అని కొత్త ఫోన్ మీద పడ్తరు. ఫోన్‌ది తప్పు కాదు. ముందే చెప్తున్న, ఈ నాలుగింట్ల నా లెక్కల పనికొచ్చేది ఒకటిన్నర. ప్యానెల్ ఒకటి, స్టాండు సగం.

మొదట నాణెం చూడుండ్రి. ఇది శాతవాహనులది, పోటిన్ అంటరు, రాగిల తగరం, సీసం అసొంటివి కలిపిన లోహం. ఒకపక్క తొండం పైకెత్తిన ఏనుగు, ఇంకోపక్క ఉజ్జయిని గుర్తు, అంటే అడ్డం ఒక గీత నిలువు ఒక గీత, నాలుగు కొసలకు నాలుగు గుండ్రాలు. మన దిక్కు గోదావరి ఒడ్డున కోటిలింగాల, ఇటు పెద్దపల్లి దిక్కు పెద్దబంకూరు, ధూళికట్ట, ఈ ఊర్ల తవ్వకాల్లనే శాతవాహనుల నాణేలు మస్తు బయటపడ్డయి, కోటిలింగాలల అయితే శాతవాహనుల కంటే ముందటోళ్లు గోభద, నారన, కంవాయ, సమగోప, వీళ్ల పేర్లతోని ఉన్నయి కూడా దొరికినయి. నా చేతిలున్నది మాత్రం డీలర్ దగ్గర బిల్లుతోని కొన్నది, ఆ ముచ్చట తర్వాత చెప్తా.

సరే, స్టాండు ఆన్ చేస్తున్న. చూస్తున్నరా, ఏనుగు గిర్ర గిర్ర తిరుగుతున్నది, రెండు సెకండ్లకే తలకిందులయితున్నది, చూసేటోళ్లకు ఏనుగా పందా అర్థమయ్యేలోపట వీడియో అయిపోతది. దాని మీద మోటర్ సప్పుడొకటి, గొంతు అప్పుడే రికార్డ్ చేస్తే ఆ గుయ్‌మనే సప్పుడు వెనుక వస్తనే ఉంటది. ఆన్‌లైన్‌ల నగలు, వాచీలు తిప్పి చూపెడ్తరు కదా, వాటికి సరే, నాణేనికి ఎందుకు? కానీ ఒక్క రకానికి మాత్రం ఈ స్టాండు నిజంగ పనికొస్తది, అందుకే సగం మార్కులు. శాతవాహనుల వెండి నాణేలున్నయి కదా, రాజు ముఖం ఉన్నయి, గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞ శాతకర్ణి వాళ్లవి. వాటి మీద అక్షరాలు అంచు పొంటి గుండ్రంగ ఉంటయి, బ్రాహ్మీ లిపి, ముఖం ఉన్న పక్క ప్రాకృతం, వెనుకపక్క ద్రావిడ భాష. స్టాండును తక్కువ స్పీడ్‌ల పెట్టి తిప్పితే ఒక్కొక్క అక్షరం పైకి వచ్చి నిటారుగ నిలబడ్తది, మీరు దాన్నే చదువుకుంట పోవచ్చు. అది మాత్రం సూపర్. స్పీడ్ తగ్గించే బటన్ లేని స్టాండయితే ఊకెనే ఇచ్చినా వద్దు.

ఇగ అసలు విషయం, లైటు. ఏనుగు ఉబ్బెత్తు ఎంతుంటది, వెంట్రుక మందం, అరిగిపోతే అది కూడా ఉండదు. దాన్ని చూపించేది రంగు కాదు, నీడ. రింగ్ లైటు ఏం చేస్తదంటే అన్ని దిక్కుల నుంచి ఒక్కతీరుగ వెలుగు పోస్తది, నీడ అనేదే ఉండదు, ఇగో చూడుండ్రి, ఏనుగు మాయం. ఇప్పుడు రింగ్ లైటు బంద్ చేసి, రూంల ట్యూబ్‌లైటు కూడా బంద్ చేసి, ఈ చిన్న ప్యానెల్‌ను టేబుల్‌కు దాదాపు ఆనించి ఎడమ పక్క నుంచి కొడుతున్న. వచ్చిందా? తొండం, దాని కింద ముందు కాలు, కాలు దగ్గర చిన్న పగులు కూడా కనపడ్తుంది. నాణేన్ని కదిలియ్యలే, ఏం చెయ్యలే.

ఇప్పుడు ప్యానెల్‌ను చేతిల పట్టుకొని మెల్లగ ఎడమ నుంచి పైకి, పై నుంచి కుడికి తిప్పుతున్న, నీడలు కదుల్తుంటే ఏనుగు ఊపిరి పీల్చినట్టే ఉంటది, నాకైతే షార్ట్‌కు ఈ ఒక్క షాట్ చాలు. కానీ కింది దిక్కుకు మాత్రం పోవద్దు. పోతే ఏమైతదో చూపిస్త, ఇగో, ఏనుగు గుంత పడ్డట్టు కనపడ్తుంది కదా, లోపలికి చెక్కినట్టు. వెలుగు పైనుంచే వస్తదని మన కన్నుకు అలవాటు, కింది నుంచి కొడితే ఉబ్బెత్తును గుంత అనుకుంటది. అందుకే గడియారం లెక్కల తొమ్మిది నుంచి పన్నెండు, పన్నెండు నుంచి మూడు, గంతే.

ప్యానెల్ కొనేటప్పుడు ఒకటి చూసుకోవాలె. మన కరెంటు 50 హెర్ట్జ్, గోడ ప్లగ్గు మీద నడిచే చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు కొట్టుకుంటయి, కంటికి కనపడదు కానీ వీడియోల నల్ల పట్టీలు పైకి కిందికి పోతుంటయి. ఫోన్ కెమెరాల ప్రో మోడ్, అంటే సెట్టింగులు మనమే మార్చుకునేది ఉంటే షటర్ స్పీడ్ 1/50 గాని 1/100 గాని పెట్టుండ్రి, పట్టీలు పోతయి. బ్యాటరీ ప్యానెల్‌కు మామూలుగ ఈ బాధ ఉండదు, కాకపోతే కొన్ని వెలుగు తగ్గించంగనే మళ్ల కొట్టుకుంటయి, అట్లాంటిదైతే ఫుల్ వెలుగుల పెట్టి దూరం జరుపుకోవాలె.

మాక్రో లెన్సు గురించి ఎక్కువ చెప్ప. నాణేనికి రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి పోతే గాని ఫోకస్ కాదు, అంత దగ్గరికి పోతే ఫోన్ నీడనే నాణెం మీద పడ్తది, అంచులు మసక. దానికంటే ఫోన్ కొంచెం దూరం పెట్టి 2ఎక్స్ జూమ్ చేసి, స్క్రీన్ మీద నాణేన్ని ఒత్తిపట్టి ఫోకస్, వెలుగు రెండూ లాక్ చేస్తే నయం. లాక్ చెయ్యకపోతే లైటు కదిలినప్పుడల్లా ఫోన్ తన తెలివి చూపిస్తది, వెలుగు, ఫోకస్ తనంతల తనే మార్చేస్తది. నాణెం కింద మాత్రం బాటిల్ మూత ఒకటి పెట్టుండ్రి, ఎత్తు మీద ఉంటది కాబట్టి కింద నల్లబట్ట మసకయిపోతది, బట్ట మీది దుమ్ము, నూలు కనపడవు.

వెండికి లెక్క వేరే. ఇది నిజాం ఉస్మాన్ అలీఖాన్ రూపాయి, హాలీ సిక్కా, అంటే హైదరాబాద్ రాజ్యం సొంత నాణెం, పాతదే గాని మిషన్ మీద అచ్చయింది, చార్మినార్ బొమ్మ. దీని మీద అదే లైటు నేరుగ కొడితే తళుక్కుమని తెల్లగ మాడిపోతది. ప్యానెల్ ముందట బటర్ పేపర్ అడ్డం పెట్టిన, ఇప్పుడు చూడుండ్రి, చార్మినార్ దర్వాజ లోపల చిన్న అక్షరం ఉంది, అరబ్బీ లిపిల ఐన్, ఉస్మాన్ పేరుల మొదటిది. వాళ్ల నాయిన మహబూబ్ అలీఖాన్ నాణెం మీదైతే అక్కడ మీమ్ అనే అక్షరం ఉంటది. షార్ట్ అంటే ఇట్ల ఉండాలె, దర్వాజలకు జూమ్ పోయి ఆ అక్షరం చూపించి ఆపెయ్యాలె, పాట పెట్టి తిప్పుడు కాదు.

వీడియోల మెరవాలని చింతపండు పెట్టి తోమేటోళ్లను చూస్తుంటే కడుపు మండుతది. మీరు తోమేది మురికి కాదు, రెండువేల ఏండ్ల పొర, అది పోతే నాణెం ధర పోతది, ఏనుగు కూడా సగం పోతది. సీసం నాణేలైతే కట్టెపెట్టెల, అట్టడబ్బాల దాచొద్దు, తెల్లగ పిండి పడ్తది, పట్టుకున్నంక చేతులు కడుక్కోవాలె.

బిల్లు ముచ్చట. పొలం దున్నంగ దొరికింది అని షార్ట్ పెట్టేటోళ్లు ఉన్నరు, వ్యూస్ వస్తయి, దాంతోపాటు పోలీసులు కూడా వస్తరు. 1878 ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిల దొరికిన నిధి పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కు చెప్పాల్సిందే, పది రూపాయలు, ఇప్పుడు చాయ్ కూడా రాదు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేండ్లు దాటిన నాణేలు మనంతల మనం బయటి దేశానికి పంపొద్దు, బయటి నుంచి మెసేజ్ చేసి అడుగుతరు, జాగ్రత్త. నేనైతే బిల్లు మీద అడ్రస్ మూసి, తేదీ కనపడేటట్టు ఒక సెకను చూపిస్త.

ఆఖరుకు స్టాండు ఇంకోసారి ఆన్ చేస్తున్న, దీని మీద గౌతమీపుత్రుడి వెండి నాణెం అని అమ్మేదాన్ని నిలువుగ నిలబెట్టిన, అంచు చూపించడానికి. తిరుగుతున్నది, ఆగుండ్రి, ఇగో ఇక్కడ, అంచు నడుమ సన్నగ గీత చుట్టూ పోతున్నది కదా, రెండు ముక్కల అచ్చుల పోత పోసిన గుర్తు, అసలుయి పోత పోసినయి కాదు, ముద్ర కొట్టినయి. ఇది నకిలీ, తెలిసే కొన్న, వంద రూపాయలు. ముఖం వైపు చూపిస్తే మీలో సగం మంది నమ్మేటోళ్లు, అంచు చూపించని షార్ట్ చూసి ఎవ్వరి దగ్గర కొనకుండ్రి.