ఒకే కప్పు కింద

శ్రోతలకు నమస్కారం.

ఫ్యామిలీ కోర్టు కేసులంటే కొట్లాటలు, కట్నాలు, తాగుడు గుర్తొస్తాయి. లాయరుగా నా దగ్గరికి ఈమధ్య ఏ గొడవా లేని జంటలు కూడా వస్తున్నారు. అలాంటి ఒక జంట గురించి, ఆనవాళ్లు మార్చి చెప్తాను.

ఇద్దరూ ఉద్యోగస్తులే. కూకట్‌పల్లిలో ఫ్లాటు, ఈఎంఐ, నాలుగేళ్ల పాప. "ఏం గొడవమ్మా?" అంటే "గొడవేం లేదు మేడమ్" అంది ఆమె. అతనిదీ అదే మాట. ఫోన్లు చూపించారు. "పాలు అయిపోయాయి." "స్కూలు ఫీజు కట్టావా?" "జ్వరం తగ్గింది, సిరప్ వేశాను." ఏడాదిన్నరగా అంతే. ఆమె పాప పక్కన, అతను హాల్లో సోఫా మీద. ఎదురెదురుగా ఉన్నా చెప్పాల్సింది పాపతో చెప్పిస్తారట.

ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ తెలియదు. కాన్పుకు వచ్చిన ఆమె తల్లి ఊరెళ్లిపోయాక అయ్యుంటుందని నాకనిపించింది. పసిబిడ్డ, చాలని నిద్ర, ఇద్దరి ఆఫీసులు. రాత్రి ఎవరు లేచారన్న లెక్కలు మొదలైతే, కొన్నాళ్లకు ఆ లెక్క అడగడం కూడా మానేస్తారు. అడగడం మానేసిన రోజే ప్రమాదం.

హిందూ వివాహ చట్టంలో పరస్పర అంగీకార విడాకులు 1976లో వచ్చాయి. అందుకు ఏడాది విడిగా ఉండాలి. "మేం ఒకే ఇంట్లో ఉంటున్నాం కదా?" అని అతను అడిగాడు. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తల్లా బతకకపోతే అది విడిగా ఉన్నట్టేనని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట వినగానే ఇద్దరూ తల దించుకున్నారు.

పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలి. 2017 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, తగిన కారణం ఉంటే కోర్టు ఆ గడువును మాఫీ చేయవచ్చు. చాలామంది మాఫీయే అడుగుతారు. పసిపిల్లలున్న వాళ్లను మాత్రం, ఇంట్లో హింస లేకపోతే, ఆగమని బతిమాలతాను.

మాట్లాడుతుండగానే ఆమె పిటిషన్ అందుకుని పాప చేతికిచ్చింది. పాప నాలుగడుగులు వేసి, "నాన్నా, అమ్మ సంతకం పెట్టమంటోంది" అంది.

ఆ కాగితం నేనే తీసేసుకున్నాను. ఆ రోజు సంతకాలు పెట్టించలేదు. గదిలో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. చివరికి అతను ఆమె వైపు తిరిగి, నేరుగా ఆమెనే అడిగాడు: "పొద్దున్న పాప ఏమన్నా తిందా?"