కరెంటు స్తంభం లేని బాయి కాడ బ్యాటరీ మీద మోటరు: 48 వోల్ట్ కిట్ రివ్యూ

నమస్తే అన్నా, అక్కా. ముందుగాల ఒక మాట: ఈ కిట్ కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపిన్రు. పైసలు ఇయ్యలేదు, ఏం చెప్పాల్నో రాసియ్యలేదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, 5 కేవీఏ ఇన్వర్టర్, మూడు సోలార్ ప్యానెళ్లు. స్పెసిఫికేషన్లు అన్నీ చదవను.

2018 జనవరి 1 నుంచి తెలంగాణల పొలాలకు 24 గంటల ఫ్రీ కరెంటు ఉన్నది కదా, బ్యాటరీ ఎందుకంటరు. వైరు వచ్చినోళ్లకు అక్కరలేదు. ములుగు, ఏటూరునాగారం దిక్కు అడవి అంచున లైనుకు దూరంగ మిర్చి తోట పెట్టినోళ్ల కోసం ఇది.

బ్యాటరీ మంచిగున్నది. 48 వోల్ట్ అని పేరు గాని అసలు 51.2 వోల్టులు, 100 ఆంపియర్ అవర్, అంటే 5.12 యూనిట్లు. 85 శాతం వాడుకుంటే 4.3. కాని డబ్బా మీద 1 హెచ్‌పీ మోటరు ఆరు గంటలు నడుస్తదని రాసిన్రు, అది 746 వాట్లతోని చేసిన లెక్క. ఆ 746 షాఫ్ట్ మీద వచ్చే బలం. సింగిల్ ఫేజ్ మోటరు గుంజేది 1150 దాకా ఉంటది, ఇన్వర్టర్ నష్టం కలిపితే 1300. మూడు గంటల పైచిలుకు, అంతే. పాత ట్యూబులర్ (లెడ్ యాసిడ్) బ్యాటరీల మీద రాసిన లెక్క కూడా పూర్తిగ రాదు. 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్‌ను 20 గంటల లెక్కన కొలుస్తరు, మూడు గంటల్ల గుంజితే అంత రాదు.

నాకు కోపం తెప్పించింది స్టార్టింగ్. ఇగో, కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ బ్యాటరీ వైరుకు వేసిన. నడిచేటప్పుడు 25 ఆంపియర్లు. స్విచ్ వేసిన మొదటి సెకను చూడండి: 148. మోటరు ఆగి ఉన్నప్పుడు ఆరింతల దాకా కరెంటు గుంజుతది. బ్యాటరీ లోపలి బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే సర్క్యూట్, 100 ఆంపియర్లదే, అందుకే ఒక్కోసారి మొత్తం కట్ చేస్తది. అప్పుడు మోటరు ఖరాబైందని విప్పకండి, బీఎంఎస్ రీసెట్ చేస్తే సాలు.

దీనికి తోడు కిట్ల వచ్చిన వైరు. 16 స్క్వేర్ ఎంఎం, లగ్గు (వైరు కొసకు తొడిగే బిళ్ల) సుత్తెతోని కొట్టిన్రు. దగ్గరికి తెస్తున్న, చూడండి: చేతితోని తిప్పితే తిరుగుతున్నది, లోపల పోగులు సగం బయటనే ఉన్నయి. ఇసొంటి జాయింట్ వేడెక్కి కరుగుతది. 35 స్క్వేర్ ఎంఎం రాగి వైరు తెచ్చి, లగ్గును మిషన్‌తోని గట్టిగ నొక్కే హైడ్రాలిక్ క్రింపింగ్ చేయించండి. బ్యాటరీ ప్లస్ పక్కనే 125 ఆంపియర్ల డీసీ ఫ్యూజు పెట్టండి. ఇంట్ల వాడే ఏసీ ఎంసీబీ వద్దు, డీసీల నిప్పురవ్వ ఆరదు.

మోటరు దిక్కు వైరు ఇంకా ముఖ్యం. షెడ్డు నుంచి బాయి 100 మీటర్లుంటే, 2.5 స్క్వేర్ ఎంఎం వైరుకు రానుపోను దాదాపు 1.5 ఓములు. ఈ దిక్కు 230 వోల్టులు కాబట్టి స్టార్టింగ్ల 40 ఆంపియర్లు పోతే 60 వోల్టులు తోవలనే పోతయి. మోటరుకు 170 దక్కితే తిప్పే బలం సగానికి పడుతది. గూ అని మూలుగుతది, వైండింగ్ కాలుతది. 6 స్క్వేర్ ఎంఎం వేస్తే నష్టం దాదాపు 25 వోల్టులకు దిగుతది.

అసలు మందు వీఎఫ్‌డీ, అంటే మోటరును మెల్లగ మొదలుపెట్టి వేగం పెంచే, తగ్గించే డబ్బా. 1 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటరు తీసుకోండి, ఆరు కొసలు బయటికి ఉండాలె. టెర్మినల్ బాక్సుల స్టార్ కనెక్షన్ పట్టీలు తీసి డెల్టా కనెక్షన్ చేస్తే 230 వోల్టులకు నడుస్తది. 230 ఇన్‌పుట్ వీఎఫ్‌డీ పెట్టి, ర్యాంప్ టైం (మోటరు పూర్తి వేగం అందుకునే సమయం) 8 సెకన్లు ఇయ్యండి. కెపాసిటర్ ఉన్న సింగిల్ ఫేజ్ మోటరుకు వీఎఫ్‌డీ కలపొద్దు, కెపాసిటర్ పేలుతది. ఇంకో లాభం: 50 హెర్ట్జ్ నుంచి 40కి దించితే పవర్ సగమైతది. కాని నీళ్లు ఎక్కే ఎత్తు కూడా 64 శాతానికి పడుతది, లోతు బాయిల నీళ్లే రాకపోవచ్చు. 45 కాడ మొదలుపెట్టి చూసుకోండి.

ఒక జాగ్రత్త: బ్యాటరీని రేకుల షెడ్డుల ఎండ తగిలేకాడ పెట్టకండి. మన ఎండలకు లోపల 50 డిగ్రీలు దాటితే సెల్లు ఆయుష్షు తగ్గుతది.

నా మాట: బ్యాటరీ ఒక్కటే ఇస్తే కొనండి. కిట్‌గ మాత్రం ఇప్పుడొద్దు, వీఎఫ్‌డీ, సరైన వైరు కలిపిచ్చినప్పుడు చూద్దాం.

ఇప్పుడు వీఎఫ్‌డీ మీద వేస్తున్న, మీటర్ చూడండి. 4... 9... 15... 22. ఆడనే ఆగింది. ఇగో, పైపుల నీళ్లు.