ఎంపీ3లో మిగిలిన పాటను చెవిదాకా తేవడం

అందరికీ నమస్కారం.

ఇప్పుడు మీరు రెండుసార్లు విన్నది ఒకే మృదంగం ముక్క. ఎనిమిది సెకన్లు. మొదటిది సీడీలోంచి నేరుగా తీసింది, రెండోది దాన్నే సెకనుకి 64 కిలోబిట్ల సమాచారం మాత్రమే ఉండేలా కుదించి ఎంపీ3గా మార్చింది. మొదటిసారి ‘తోం’ అన్న దెబ్బ నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా పుట్టింది. రెండోసారి దెబ్బకి ముందే చీపురు నేలకి రాసినట్టు సన్నటి గరగర వచ్చింది. వెనక వరసల వాళ్ళకి సరిగా వినబడి ఉండదు. చివర్లో మళ్ళీ పెడతాను.

ఈ గరగర వెంట నేను పడటానికి కారణం మా నాన్నగారి క్యాసెట్లు. రేడియోలో వచ్చే కచేరీలు ఆయన రికార్డు చేసుకునేవారు. ప్రతి క్యాసెట్ మొదట్లో తేదీ తనే చదివేవారు. 2004లో పద్నాలుగు క్యాసెట్లు ఒక షాపులో ఇచ్చి, అన్నీ ఒకే సీడీలో పట్టేలా ఎంపీ3 చేయించాను. ఇల్లు మారేటప్పుడు క్యాసెట్లు పాత సామాన్లవాడికి వేసేశాను. ఆ ఫైళ్ళు 64 కిలోబిట్లవని ఆయన పోయాక గానీ చూసుకోలేదు. తేదీ చెప్పే ఆ గొంతు ఇప్పుడు నీళ్ళలోంచి మాట్లాడినట్టు ఉంటుంది.

దాన్ని బాగుచేద్దామని చాలా ఏళ్ళు తిప్పలు పడ్డాను. ఎంపీ3 చేసేటప్పుడు పోయింది ఎవరు ఏం చేసినా తిరిగి రాదు. కానీ ఫైల్లో మిగిలిన దాంట్లో కూడా చాలా భాగం, కంప్యూటర్ నుంచి మన చెవికి వచ్చేలోపు మనమే పాడుచేసుకుంటున్నాం. అది మాత్రం మన చేతిలో ఉంది.

అసలు ఏం పోతుందో చూద్దాం. సీడీలో శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి రాస్తారు. కుడి, ఎడమ రెండు చానెళ్ళకి కలిపి సెకనుకి 1,411 కిలోబిట్లు. 128 కిలోబిట్ల ఎంపీ3 అంటే అందులో పదకొండో వంతు. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన తోటివాళ్ళు దీన్ని సాధించింది మన చెవి స్వభావం పట్టుకుని. రైలు వెళ్తుంటే పక్కవాళ్ళ మాట వినబడదు కదా, అలాగే పెద్ద శబ్దం చాటున ఉన్న చిన్న శబ్దాన్ని చెవి పట్టించుకోదు. అలాంటిచోట బిట్లు తగ్గిస్తారు. తగ్గిస్తే పుట్టే రొద కూడా ఆ పెద్ద శబ్దం చాటునే దాక్కుంటుంది. బ్రాండెన్‌బర్గ్ తన పద్ధతిని అమెరికన్ గాయని సుజానే వేగా వాద్యాలేవీ లేకుండా పాడిన పాట మీద పరీక్షిస్తే, మొదట్లో ఆ గొంతు ఘోరంగా వచ్చింది. ఒంటరి గొంతుకి చాటు ఏముంటుంది? మన ఆలాపనకైనా అంతే, వెనక తంబురా తప్ప ఏమీ ఉండదు.

మృదంగానిది ఇంకో బాధ. ఎంపీ3లో పాటని 1,152 కొలతల చొప్పున, అంటే దాదాపు 26 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తారు. ముక్క మధ్యలో దెబ్బ పడితే, దాని తాలూకు రొద ముక్కంతా పరుచుకుంటుంది, దెబ్బకి ముందున్న నిశ్శబ్దంలో కూడా. మీరు విన్న గరగర అదే. మంచి ఎన్‌కోడర్ (ఎంపీ3 తయారుచేసే ప్రోగ్రాం) దెబ్బ వస్తోందని కనిపెట్టి అక్కడ చిన్న ముక్కలు వాడుతుంది, కానీ బిట్లు చాలకపోతే అదీ చేతులెత్తేస్తుంది.

128 ఫైల్ని 320కి మారిస్తే బాగుపడుతుందని చాలామంది నమ్మకం. బాగుపడదు, నష్టపోయినదాన్ని మళ్ళీ ఇంకోసారి కోసినట్టే. స్పెక్ అని ఉచిత ప్రోగ్రాం ఉంది, ఫైల్ని అందులో వేస్తే ఎంత పైస్థాయి దాకా శబ్దాలున్నాయో బొమ్మ గీసి చూపిస్తుంది. 320 అని పేరున్న ఫైల్లో 16,000 హెర్ట్‌జ్ దగ్గర గోడ కట్టినట్టు అన్నీ ఆగిపోతే, అది చాలావరకు పాత 128కి కొత్త చొక్కా తొడిగిందే.

ఇక మన చేతిలో ఉన్నవి. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో మీ స్పీకర్ల పేరు మీద నొక్కితే ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఒకటి కనిపిస్తుంది. ఆపేయండి. చాలా ల్యాప్‌టాప్‌లలో వాటి కంపెనీవాళ్ళు బేస్ పెంచేవి, గొంతు పెంచేవి విడిగా పెడతారు. అవీ ఆపేయండి. వీఎల్‌సీలో వాల్యూమ్ 100 దాటించకండి. దాటితే పాట శిఖరాలు తెగిపోయి గొంతు బొంగురుపోతుంది. కొత్త పాటల్లో అసలే శబ్దాన్ని అంచుదాకా నింపి చేస్తారు. అలాంటిది ఎంపీ3 అయి మళ్ళీ విప్పుకునేటప్పుడు అంచు దాటుతుంది కూడా. అందుకని ప్లేయర్లో వాల్యూమ్ కాస్త తగ్గించి, స్పీకర్ దగ్గర పెంచుకోండి. ఫూబార్2000 అనే ప్లేయర్లో రీప్లేగెయిన్ (పాటల వాల్యూమ్ సర్దే ఏర్పాటు) పెట్టుకుంటే ఆ పని అదే చూసుకుంటుంది. ఈక్వలైజర్ కావాలంటే వాడుకోండి, కానీ కావలసింది పెంచడం కన్నా ఎక్కువైంది తగ్గించడం మేలు. తక్కువ బిట్లున్న ఫైల్లో పైస్థాయి పెంచితే వచ్చేది తంబురా మెరుపు కాదు, గరగరే.

బ్లూటూత్ పాటని దారిలో మళ్ళీ ఒకసారి కుదిస్తుంది. ఇంట్లో కూర్చుని వినేటప్పుడు వైరున్న హెడ్‌ఫోన్ పెట్టుకోండి. ల్యాప్‌టాప్‌లో చార్జర్ పెట్టగానే ‘జుయ్’ మంటుంటే యూఎస్‌బీ డ్యాక్ (కంప్యూటర్లోని అంకెల్ని బయట శబ్దంగా మార్చే చిన్న పరికరం) ఒకటి కొనుక్కోవచ్చు, అంత ఖరీదైనది అక్కర్లేదు. స్పీకర్లయితే గోడకి ఆనించకుండా, చెవి ఎత్తులో, మీకూ ఆ రెండింటికీ మధ్య దూరాలు సమానంగా ఉండేలా పెట్టండి. నా అనుభవంలో వేలు పోసి కొన్న పరికరం కన్నా, బల్ల మీద స్పీకర్లని ఒక జానెడు ముందుకు జరిపినందుకే ఎక్కువ తేడా వచ్చింది.

అసలు సీడీ ఇంట్లో ఉంటే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి, ఇవాళే మళ్ళీ కంప్యూటర్లోకి ఎక్కించండి. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాంతో తీసి ఫ్లాక్‌లో దాచండి, అది ఏదీ కోయకుండా దాచే ఫైల్ రకం, అందులో ఒక్క బిట్ కూడా పోదు. ఫోన్ కోసం ఎంపీ3 కావాలంటే ఆ ఫ్లాక్ నుంచే, లేమ్ ఎన్‌కోడర్‌తో వీ2 సెట్టింగ్‌లో చేసుకోండి. సగటున 190 కిలోబిట్ల దాకా వస్తుంది.

పాత క్యాసెట్ల సంగతి గట్టిగా చెప్పాలి. 1950, 60ల సినిమా పాటలు, పాత రేడియో కచేరీలు దాదాపు అన్నీ మోనో, అంటే ఒకే చానెల్. కానీ క్యాసెట్‌ని స్టీరియోగా ఎక్కిస్తే కుడిపక్క బుస వేరు, ఎడమపక్క బుస వేరు. ఎన్‌కోడర్ పాపం ఆ రెండు బుసల తేడాని రాయడానికి బిట్లన్నీ ఖర్చుపెడుతుంది. ఆడాసిటీ అనే ప్రోగ్రాంలో రెండు చానెళ్ళనీ కలిపి మోనో చేయండి. బుస తగ్గుతుంది, పాట మిగులుతుంది. బిట్లు తక్కువున్నా అవన్నీ పాటకే పోతాయి.

ఆ పద్నాలుగింటిలో ఒక్క క్యాసెట్ నాలుగేళ్ళ క్రితం అమ్మ ట్రంకుపెట్టెలో చీరల అడుగున దొరికింది. దాన్ని ఇలాగే మోనోలో, ఫ్లాక్‌లో ఎక్కించాను. షాపువాళ్ళు చేసిన ఫైల్, ఇది, రెండూ తెచ్చాను. మొదట నాన్నగారు తేదీ చెబుతారు, వెంటనే తంబురా మొదలవుతుంది. తర్వాత ఆ మృదంగం ముక్కలు పెడతాను. తంబురా వినబడాలంటే పైన ఫ్యాన్లు ఆగాలి. ఉక్కగా ఉంటుందని తెలుసు, ఐదు నిమిషాలు ఓర్చుకోండి. బాబూ, ఆ తలుపు పక్కన స్విచ్చులున్నాయి, కాస్త ఆపుతావా?