నరసింహుడి వీపు మీద చెయ్యి

శ్రోతలకు నమస్కారం.

సెలవులొస్తే మన విశాఖ వాళ్లం అరకు వెళ్తాం, లంబసింగి వెళ్తాం. ఇంకాస్త తీరికుంటే పూరీ. ఈసారి హంపీ వెళ్లి రండి. హంపీ అంటే విజయనగరం. మన పక్కనున్న విజయనగరం కాదు, తుంగభద్ర ఒడ్డున రాయలవారు ఏలిన విజయనగరం.

1336లో వెలసిన రాజధాని అది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత పాడుబడింది. అక్కడి రాతిరథాన్ని మీరు రోజూ చూస్తూనే ఉంటారు, కొత్త యాభై రూపాయల నోటు వెనక ఉన్నది అదే. విరూపాక్షుడి గుడి, లోటస్ మహల్, ఏనుగుల కొట్టాలు, ఇవన్నీ గైడు ఎలాగూ చూపిస్తాడు. నేను మాత్రం ఒక్క విగ్రహం గురించే చెబుతాను.

కృష్ణాలయం దాటి కొంచెం దక్షిణంగా నడిస్తే నరసింహస్వామి కూర్చుని ఉంటాడు. ఒకే బండ. సుమారు 22 అడుగుల ఎత్తు. ఉబ్బిన కళ్లు, వెడల్పాటి నోరు, తల మీద ఏడు పడగల ఆదిశేషుడు. చేతులు విరిగిపోయాయి. చూసినవాళ్లంతా ఉగ్రనరసింహుడు అంటారు, ఫొటో దిగి వెళ్లిపోతారు.

మా అమ్మ మాత్రం వెళ్లలేదు. అమ్మ సింహాచలం మెట్లెక్కుతూ పెరిగిన మనిషి. ఆవిడకి తెలిసిన నరసింహుడు మన అప్పన్న. ఏడాది పొడుగునా చందనంలో ఉండి, అక్షయ తృతీయనాడు ఒక్కరోజు నిజరూపం చూపించే స్వామి. ఇక్కడేమో నెత్తిన కప్పు లేదు, ఒంటిమీద చందనం లేదు. ఎండకి ఎండుతూ, వానకి తడుస్తూ కూర్చున్నాడు. "మన అప్పన్నకి చందనమైనా ఉందిరా, ఈయనకి నీడ కూడా లేదే" అంది అమ్మ. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది.

అప్పుడు మా గైడు చెప్పాడు. "అమ్మా, ఈయన ఉగ్రుడు కాడు. లక్ష్మీనరసింహుడు." 1528లో, కృష్ణదేవరాయల కాలంలో చెక్కినప్పుడు ఎడమ తొడ మీద లక్ష్మీదేవి కూర్చుని ఉండేదట. ఆ విగ్రహం పగిలిపోయింది. అమ్మవారు పోయింది, కానీ అమ్మవారి చెయ్యి పోలేదు. ఆ చెయ్యి ఇప్పటికీ స్వామి వీపు మీద ఉంది! భర్త నడుము చుట్టూ వేసిన చెయ్యి. వేళ్లకి ఉంగరాలు. గోళ్లు కూడా చెక్కాడు ఆ శిల్పి, ఎవరికీ కనపడని వెనక వైపున. అంత పెద్ద బండ మీద అంత చిన్న చెయ్యి. అది చూశాక ముందుకొచ్చి మళ్లీ ఆ ముఖం చూస్తే నాకు కోపం కనపడలేదు.

ఇంకొక్క మాట. కళింగ దండయాత్రకి వచ్చినప్పుడు, 1516లో, ఇదే కృష్ణదేవరాయలు మన సింహాచలం వచ్చాడు. అప్పన్నకి 991 ముత్యాల హారం సమర్పించాడు. గుడిలో శాసనం ఉంది. ఇక్కడ హారం ఇచ్చిన పన్నెండేళ్లకి అక్కడ ఆ విగ్రహం వెలిసింది. దీనికీ దానికీ ముడిపెట్టి నేనేమీ అనడం లేదు. కానీ మన ఊరి నుంచి వెళ్లేవాడు ఆ నరసింహుడి ముందు నిలబడితే పరాయి ఊళ్లో ఉన్నట్టు మాత్రం అనిపించదు.

వెళ్లడం కష్టమేమీ కాదు. వాస్కోడిగామా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ మన విశాఖ మీదుగా హోసపేట వెళ్తుంది. అక్కడి నుంచి హంపీ 13 కిలోమీటర్లు. ఎండాకాలం వద్దు, ఆ రాళ్లు పెనంలా కాలుతాయి. చలికాలం వెళ్లండి. ఒక్కరోజులో అంతా చుట్టేద్దామనుకోకండి, రెండు రాత్రులైనా ఉండండి.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నరసింహుడి ముందు కమ్మీలున్నాయి, లోపలికి అందరినీ అన్నివేళలా వెళ్లనివ్వరు. అందుకని గైడుని మాట్లాడుకునేటప్పుడే అడగండి, వీపు మీది చెయ్యి చూసే వీలుందా అని. వీలులేదంటే, ఆ చెయ్యి అక్కడుందని పిల్లలకైనా చెప్పండి. చెప్పాక ఆ ముఖం ఇంకోసారి చూడమనండి.

నమస్కారం.