ఫోన్-ఇన్: చెయ్యి పడిపోయినా దెబ్బ తగిలింది మెదడుకే

వ్యాఖ్యాత: నమస్కారం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల శ్రోతల కోసం ఈ వారం నాడీకణాల గురించి మాట్లాడుకుందాం. నరాల వైద్య నిపుణులు మన స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోను కోవూరు నుంచి.

విద్యార్థిని: నమస్కారం సార్. పదో తరగతి చదువుతున్నాను. మా పుస్తకంలో నాడీకణం బొమ్మ ఒకటే ఉంది. కణాలన్నీ అలాగే ఉంటాయా?

డాక్టరు: లేదమ్మా. ముఖ్యమైన భాగాలు అవే. కేంద్రకం ఉండే కణదేహం, సంకేతాలు అందుకునే డెండ్రైట్లు, వాటిని అవతలికి చేర్చే ఆక్సాన్. అమరిక మాత్రం పనిని బట్టి మారిపోతుంది. కంటి రెటీనాలో రెండు వైపులా రెండు పోగులున్న ద్విధ్రువ కణాలు ఉంటాయి. చిన్న మెదడులోని పుర్కింజే కణం కొమ్మలన్నీ బల్లపరుపుగా విచ్చుకుని తాటాకు విసనకర్రలా ఉంటుంది. మెదడు పై పొరైన కార్టెక్స్‌లో ఎక్కువగా కనిపించేవి పిరమిడ్ ఆకారపు కణాలు.

విద్యార్థిని: అందులో ఆరు పొరలు ఉంటాయని మా మాస్టారు చెప్పారు.

డాక్టరు: అవును, 2 నుంచి 4 మిల్లీమీటర్ల మందంలోనే ఆరు. మొదటి పొరలో కణాలు అరుదు, పోగులే ఎక్కువ. రెండు, మూడు పొరలు కార్టెక్స్‌లోని మిగతా ప్రాంతాలతో సంబంధం పెట్టుకుంటాయి. కన్ను, చెవి, చర్మం పంపే సమాచారం మెదడు లోపల ఉండే థలామస్ అనే కూడలి మీదుగా ముఖ్యంగా నాలుగో పొరకు చేరుతుంది. ఐదో పొర నుంచి ఆజ్ఞలు వెన్నుపాము దాకా దిగుతాయి. ఆరో పొర థలామస్‌కు తిరిగి సంకేతాలు పంపుతుంది. చూపును గ్రహించే చోట నాలుగో పొర దళసరిగా ఉంటుంది, కదలికలను నడిపే చోట చాలా పలుచన. ఇలాంటి తేడాల ఆధారంగానే జర్మన్ శాస్త్రవేత్త బ్రాడ్‌మన్ 1909లో కార్టెక్స్ పటం గీశాడు.

వ్యాఖ్యాత: ఇప్పుడు టంగుటూరు నుంచి ఒక శ్రోత.

శ్రోత: డాక్టరు గారూ, మా నాయనకు పోయిన నెల పక్షవాతం వచ్చింది. పొగాకు బ్యారన్ దగ్గరే కూలబడ్డాడు. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. ఊళ్లో వాళ్లు పావురం నెత్తురు రాసి మర్దన చేయమంటున్నారు. చేయవచ్చా?

డాక్టరు: వద్దు బాబూ. మీ నాయన చేతికి ఏ జబ్బూ లేదు. ఇందాక ఆ అమ్మాయికి చెప్పిన ఐదో పొరలో పెద్ద పిరమిడ్ కణాలు ఉంటాయి. ఎడమ మెదడులోని ఆ కణాల ఆక్సాన్లు కిందికి దిగుతూ, వెన్నుపాములోకి వెళ్లే ముందు చాలావరకు కుడి వైపుకు దాటుతాయి. రక్తం అందక ఆ కణాలో, దారిలో వాటి ఆక్సాన్లో దెబ్బతిన్నాయి. చేతికి రాసింది ఏదైనా అక్కడికి చేరదు.

శ్రోత: మొదట్లో చెయ్యి వేలాడేది. ఇప్పుడు బిగుసుకుపోతోంది. నయమవుతున్నట్లేనా?

డాక్టరు: మంచి ప్రశ్న వేశారు. వెన్నుపాములో కండరాలను కదిలించే చాలక కణాలు బతికే ఉన్నాయి. పైనుంచి వాటిని అదుపు చేసే ఆజ్ఞ తగ్గింది. అందుకే కండరం బిగుస్తోంది. దాన్ని చూసి బలం వచ్చిందనుకుని వ్యాయామం మానకండి. చచ్చిన కణాలు తిరిగి రావు. మిగిలినవి కొత్త సంబంధాలు అల్లుకుని కొంత పని అందుకుంటాయి, అదీ ఆ చేత్తో పదేపదే చేయిస్తేనే. గ్లాసు పట్టించండి, చొక్కా గుండీ పెట్టించండి. ఫిజియోథెరపీ ఆపవద్దు. ఇంకొకటి, లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని లాగవద్దు, భుజం కీలు జారిపోతుంది. బీపీ మాత్రలు వాడేవారా?

శ్రోత: బాగానే ఉన్నానని మానేశాడండీ.

డాక్టరు: వింటున్న వాళ్లందరినీ బతిమాలుతున్నాను, ఆ పని చేయకండి. పెద్ద రక్తనాళం పూడుకుంటే నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు పోతాయని అంచనా. మూతి వంకర పోయినా, చెయ్యి జారినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే మందును సాధారణంగా 4.5 గంటల లోపే ఇవ్వగలం, అదీ స్కాన్ తీసి రక్తస్రావం లేదని తేలాకే. పసరు తాగించుకుని వద్దామని వెళ్తే ఆ సమయం అక్కడే గడిచిపోతుంది.

వ్యాఖ్యాత: బుచ్చిరెడ్డిపాళెం నుంచి ఒక అమ్మగారు.

శ్రోత: నాకు చక్కెర వ్యాధి అయ్యా. అరికాళ్లు మంటలు. ఇదీ మెదడు జబ్బేనా?

డాక్టరు: కాదమ్మా. స్పర్శ తెలిపే కణాల దేహాలు వెన్నెముక పక్కన ఉంటాయి. అక్కడి నుంచి కాలివేలి దాకా ఒక్కో పోగు సుమారు మీటరు పొడవు. చక్కెర ముందుగా దెబ్బతీసేది ఇంత పొడవైన వాటినే, అందుకే మంట పాదాల్లో మొదలవుతుంది. మెట్‌ఫార్మిన్ అనే చక్కెర మాత్ర ఏళ్ల తరబడి వాడుతుంటే బి12 విటమిన్ పరీక్ష కూడా చేయించుకోండి.

శ్రోత: వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుంటే హాయిగా ఉంటోంది.

డాక్టరు: అది మానండి అమ్మా. స్పర్శ తగ్గిన కాలికి వేడి ఎంతో తెలియదు, బొబ్బలు లేస్తాయి. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి. రోజూ రాత్రి అరికాళ్లు మీ కోడలికో మనవరాలికో చూపించండి. చిన్న పుండు కనిపించినా మరునాడే ఆసుపత్రికి వెళ్లండి.